కలకు గల ప్రామాణ్యమెంత?

కల కననివారు లోకమున లేరనవచ్చును. రాజునకును కూలివానికిని, పండితునకును పామరునకును, పసిబిడ్డకును వృద్ధునకును నిద్ర యెట్లు సమానమో స్వప్నమును అట్లే సమానము. మాకు కలలు రావనువారు సైతము కలలు కని మఱచినవారే గాని కననివారు కారు. అయితే కలయందొక విచిత్రము కలదు. ఒకరి యిల్లు మఱియొకరు చూడవచ్చును, ఒకరి పొలము మఱియొకరు దున్నవచ్చును. ఒకరి కలలోనికి మాత్రము మఱియొకరు తొంగిచూడలేరు. కన్నవారు చెప్పినదే కథ. దానికి సాక్షి లేడు. సాక్షి లేని మాటను న్యాయస్థానమున త్రోసివేయుదుము. కాని “కలలో కనబడి చెప్పెను” అను మాటకు మన యిండ్లలో ఎదురు లేదు. ఆ యొక్క మాటతో గుడులు లేచినవి, కావ్యములు పుట్టినవి, మ్రొక్కులు పెరిగినవి, అప్పులును పెరిగినవి.

కావున మేమిందు రెండు ప్రశ్నలను విచారింపదలచితిమి. కల యనగా నేమి, అది యేల వచ్చును అనునది మొదటిది. వచ్చిన కలకు మేలుకొన్నవారిపై ఎంత యధికారము కలదు అనునది రెండవది. మొదటి ప్రశ్న శాస్త్రజ్ఞులది. రెండవది ప్రతి గృహస్థునిది, అంతకంటె ఎక్కువగా ప్రతి గృహిణిది.

ఈ విచారమునకు నందవరము ప్రాంతము తగిన తావు. మేము చెప్పునది బనగానపల్లె చేరువ చౌడేశ్వరీదేవి వెలసిన నందవరము కాదు. యెమ్మిగనూరు చేరువనున్న నందవరము. బళ్లారి మండలమునుండి 1953లో కర్నూలు మండలమునకు వచ్చి చేరిన ఆదోని సీమ యిది. తెలుగు, కన్నడము, ఉరుదు ఒకే సంతలో వినబడు నేల. ఈ సీమకు తుంగభద్ర యెల్ల. ఆ నదియొడ్డున మంత్రాలయము. అచ్చట రాఘవేంద్రస్వామి బృందావనమునకు ప్రదక్షిణసేవ చేయుచు, సేవ ముగియులోపల కలలో గురువు సూచన దొరకునని వేచియుండు భక్తులు నేటికిని కలరు. ఇది వట్టి పామరుల నమ్మకమని తేలికగా త్రోసివేయరాదు. కలలోని సృష్టి సత్యమని తర్కముతో వాదించిన మాధ్వసిద్ధాంతమునకు ఆ క్షేత్రము పీఠము.

ఆ వాదమేమో ముందుగా చూతము. బృహదారణ్యకోపనిషత్తు కలను గూర్చి మిక్కిలి సూక్ష్మమైన మాట చెప్పినది. కలలో రథములు లేవు, గుఱ్ఱములు లేవు, బాటలు లేవు. అయినను పురుషుడు రథములను, గుఱ్ఱములను, బాటలను తానే కల్పించుకొనునని దాని భావము. శంకరాచార్యులు బ్రహ్మసూత్రభాష్యమున ఈ సృష్టి కేవలము మాయయనియు, అయినను అది శుభాశుభములను సూచింపవచ్చుననియు నిర్ణయించిరి. మధ్వాచార్యుల మతము వేఱు. మనస్సున నిలిచిన వాసనలను సామగ్రిగా గొని ఈశ్వరుడే స్వప్నపదార్థములను సృజించుననియు, కావున అవి సత్యములే యనియు, వానిని బాహ్యప్రపంచపు వస్తువులని భ్రమించుటయే పొరపాటనియు వారు చెప్పిరి. రెండు మతములకును ఆకాశమునకు భూమికి ఉన్నంత దూరము కనబడుచున్నది. కాని చదువరులు ఒక్క సంగతి గమనింతురుగాక! కల సత్యమన్న ఆచార్యులు సైతము దాని సామగ్రి కన్నవాని మనోవాసనలే యని యొప్పుకొనిరి. ఇంతవఱకు ఇరువురకును వివాదము లేదు.

వేదాంతులకంటె వైద్యులు ఇంకను నేలమీద నడచిరి. చరకసంహితలోని ఇంద్రియస్థానము అయిదవ యధ్యాయమున స్వప్నములు ఏడు విధములని చెప్పబడినది. చూచినదానిని బట్టి వచ్చునది దృష్టము. విన్నదానిని బట్టి వచ్చునది శ్రుతము. ఇతరేంద్రియములచే అనుభవించినదానిని బట్టి వచ్చునది అనుభూతము. కోరినదానిని బట్టి వచ్చునది ప్రార్థితము. ఊహించుకొన్నదానిని బట్టి వచ్చునది కల్పితము. రాబోవుదానిని సూచించునది భావికము. వాతాది దోషములచే పుట్టునది దోషజము. వీనిలో మొదటి అయిదును నిష్ఫలములని వైద్యుడు తెలిసికొనవలెనట! పగటినిద్రలోని కలయు, మిక్కిలి చిన్న కలయు, మిక్కిలి పెద్ద కలయు నిష్ఫలములే. మిగిలిన రెంటిలో దోషజము వైద్యునికి చెందినది. ఇక శకునగాండ్రకు మిగులునది ఒక్క భావికము. ఏడింటిలో ఒక్కదానిని పట్టుకొని మనవారు ఏడింటికిని ఫలము చెప్పుచున్నారు! పూర్వుల మాటను మేము తప్పక పాటింతుమనువారు ఈ విషయమున పూర్వుల మాటనైన పాటింపరు.

చరకుడు మఱియొక మాట చెప్పెను. గాఢముగ నిద్రపట్టని పురుషుడే కలలు కనునని. ఈ మాటను నేటి పరిశోధన చిత్రముగ సమర్థించుచున్నది. 1953లో షికాగో విశ్వవిద్యాలయమున యూజీన్ అసెరిన్‌స్కీ, నెథానియల్ క్లైట్‌మన్ అనువారు నిద్రించువారి ఱెప్పల క్రింద కనుగ్రుడ్లు నడుమ నడుమ వడిగా కదలుచుండుటను కనిపెట్టి ప్రకటించిరి. 1957లో విలియం డిమెంట్, క్లైట్‌మన్ ప్రకటించిన పరీక్షలో, కనులు కదలుచున్న వేళ 191 మార్లు లేపగా 152 మార్లు కల జ్ఞప్తిలో నుండెను; కనులు కదలని వేళ 160 మార్లు లేపగా 11 మార్లు మాత్రమే యుండెను. తక్కిన నిద్రయందును కలలు కలుగునని పిమ్మటి పరీక్షలలో తేలినది గాని, స్ఫుటమైన కలలకు ఈ కదలు కనుల నిద్రయే ముఖ్యస్థానము. అప్పుడు మెదడు మెలకువలోవలెనే చుఱుకుగా నుండును. దేహమో, కాలుసేతులు వశము తప్పి కదలక పడియుండును. నిద్ర యించుమించు గంటన్నరకొక ఆవృత్తిగా రాత్రి నాలుగైదు మార్లు తిరుగును. తొలియావృత్తిలో ఈ కలలనిద్ర కొద్ది నిమిషములే. తెల్లవారుచుండగా అది దీర్ఘమగును.

ఈ యొక్క సంగతి తెలిసిన మన యింటి నమ్మకములు రెండు విడిపోవును. తెల్లవారుజాము కల నిజమగునని పెద్దలందురు. తెల్లవారుజామున కలలు ఎక్కువసేపు వచ్చును, వచ్చిన వెంటనే మెలకువయు వచ్చును. కావున అవియే గుర్తుండును. గుర్తున్నదానికే ఫలము వెదకుదుము. నూఱు కలలలో తొంబదితొమ్మిది తప్పిపోయినను ఎవరును లెక్క పెట్టరు; ఒక్కటి తగిలిన మూడు తరములు చెప్పుకొందురు. రెండవది, నిద్రలో దయ్యము గుండెలపై కూర్చుండి గొంతు నొక్కెననుట. మనస్సు మేలుకొని, దేహమింకను కలలనిద్రలోని వశహీనతనుండి విడివడని క్షణములవి. ఊపిరి బరువుగ తోచును, కేక రాదు, ఎదుట ఎవరో నిలిచినట్లుండును. కొంతసేపటికి తానే తొలగును. అలసినవారికిని, నిద్ర చాలనివారికిని ఇది యెక్కువ. మన యిండ్లలో అందఱికంటె నిద్ర చాలనిది కోడలు. ఆమెకు కావలసినది రెండు గంటల నిద్ర. మనము తెచ్చునది భూతవైద్యుని, వేపమండలను.

ఇక కల యేల వచ్చునను ప్రశ్నకు పండితులలో నేటికిని ఏకాభిప్రాయము లేదు. అణచుకొన్న కోరికలు మాఱువేషమున తీరుటయే కలయని వియన్నా వైద్యుడు ఫ్రాయిడు 1900 సంవత్సరపు ముద్రతో వెలువరించిన గ్రంథమున వాదించెను. ఆ విద్యను అనుసరించి కలకత్తాలో గిరీంద్రశేఖర బోసు 1922లోనే ఒక సమాజమును స్థాపించెను. మెదడు క్రిందిభాగము తనంతట తాను పుట్టించు చలనములకు పైభాగము కథ యల్లుటయే కలయని హాబ్సన్, మెక్‌కార్లీ 1977లో చెప్పిరి. అపాయములను ఎదుర్కొనుటకు మనస్సు రాత్రివేళ చేయు సాధనయే కలయని ఫిన్లండు పండితుడు రెవొన్సువో 2000లో ప్రతిపాదించెను. పగటి యనుభవములను ఏరి, కొన్నిటిని జ్ఞాపకమున భద్రపఱచి, కొన్నిటిని విడుచు పనికి కలతో సంబంధమున్నదని మఱికొందఱు. వీరిలో వీరికెంత వివాదమున్నను, కలలోని సరకు కన్నవాని బ్రతుకునుండి వచ్చినదేయని పెక్కుమంది యొప్పుదురు. పుట్టంధులకు కలలో రూపములు కనబడవు. వినికిడి, స్పర్శ, వాసన మాత్రమే యుండును. దృష్టము, శ్రుతము, అనుభూతము అని చరకుడు వేఱుచేసినది ఇందుచే సార్థకమగుచున్నది. ప్రార్థితమని ఆయన ఒక్క మాటలో చెప్పినదానిని ఫ్రాయిడు ఒక గ్రంథమంత పెంచెను. చరకుడు ఏడు గదులు కట్టినచోట ఫ్రాయిడు ఒక్క గదిలో అన్నిటిని ఇఱికింపజూచెనని మా యభిప్రాయము.

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వత్తము. ఇందులకు మన కావ్యములే మంచి సాక్షులు. తెలుగు కవులు కలలను పీఠికలలో నిలిపిరి. తిక్కన సోమయాజి విరాటపర్వారంభమున తాను కన్న కలను వర్ణించెను. పరలోకగతుడైన తండ్రి కొమ్మన కలలో కనబడుట, పిదప హరిహరనాథుడే సాక్షాత్కరించి కృతిపతిత్వమును కోరుట అందలి విషయము. కృష్ణదేవరాయలు కళింగదండయాత్రలో కృష్ణాతీరమున శ్రీకాకుళమున ఏకాదశి యుపవాసముండగా, రాత్రి నాల్గవజామున ఆంధ్రవిష్ణువు కనబడి తెలుగున కావ్యము చేయుమనెను. ఆముక్తమాల్యద పుట్టుక యిదియే. పోతన కథ కొంచెము వేఱు. గ్రహణదినమున నదీస్నానము చేసి యిసుకతిన్నెపై కన్నులరమూసి మహేశ్వరుని ధ్యానించుచుండగా శ్రీరాముడు తోచెను. అది నిద్రయు గాదు, పూర్తిగ మెలకువయు గాదు.

విమర్శకులు కొందఱు ఈ కలలను వట్టి కవిసమయములని తీసివేయుదురు. భక్తులు కొందఱు అక్షరాల జరిగినవందురు. రెండును తొందరపాటేయని మా తలంపు. ఈ కలలను చరకుని తక్కెడలో తూచి చూడుడు. తిక్కన మొదటి కావ్యమును మనుమసిద్ధి రాజునకు అంకితము చేసినవాడు. శైవవైష్ణవ కలహములు చెలరేగిన కాలమున హరిహరుల యభేదమును మనసార నమ్మినవాడు. నరునికిచ్చితిని, ఇక నెవరికిత్తును అను చింతతో పండుకొన్నవానికి ఆ కల గాక మఱి యే కల వచ్చును? రాయలు సంస్కృతమున కావ్యములు వ్రాసి కీర్తి గొన్నవాడు. ఆ సంగతిని కలలో దేవుడే యెత్తిచెప్పుచున్నాడు. తెలుగున వ్రాయవలెనను కోరిక లోలోపల ఎంతకాలమునుండి కుతకుతలాడుచుండెనో ఆ కలయే చెప్పుచున్నది. ఇవి ప్రార్థితములు, కల్పితములు. అంతమాత్రమున వాని గొప్పతనము తగ్గలేదు. ఏలయనగా, ఆ కలలు మోపిన బరువును కన్నవారే మోసిరి. తిక్కన పదునేను పర్వములు వ్రాసెను. రాయలు రాజ్యభారముతో కావ్యభారమును తలకెత్తుకొనెను. కల ఆజ్ఞాపించెనని వేఱొకరిచే బరువు మోయింపలేదు. కలను పరీక్షించుటకు ఇదియే మా మొదటి గీటురాయి: కల కన్నది ఎవరు, దాని వెల చెల్లించినది ఎవరు?

ఈ గీటురాయిని పట్టుకొని మంత్రాలయమునకు పోవుదము. రాఘవేంద్రస్వామి మేనల్లుడు నారాయణాచార్యుడు సంస్కృతమున రాఘవేంద్రవిజయమను కావ్యమును వ్రాసెను. స్వామి పూర్వాశ్రమనామము వేంకటనాథుడు. భార్య సరస్వతి, చిన్నకుమారుడు లక్ష్మీనారాయణుడు కలరు. గురువు సుధీంద్రతీర్థులకు కలలో దేవుడు వేంకటనాథుని పీఠాధిపతిగ సూచించెనని సంప్రదాయము. సంసారమును విడుచుటకు వేంకటనాథుడు మొదట అంగీకరింపలేదు. పిమ్మట ఒక రాత్రి విద్యాధిదేవత కనబడి, శాస్త్రరక్షణమునకు నీవే తగుదువని బోధింపగా మనస్సు మార్చుకొనెను. 1621లో తంజావూరున సన్న్యాసము స్వీకరించెను. ఆ వార్త విని సరస్వతి పరుగున పోయి పాడుబావిలో పడి ప్రాణము విడిచెననియు, ప్రేతరూపమున మఠమునకు రాగా స్వామి కమండలుజలము చల్లి ఆమెకు ముక్తి కలిగించెననియు భక్తులు చెప్పుకొందురు.

ఆ మహనీయుని పాండిత్యమును శంకించుట మా యుద్దేశము కాదు. న్యాయసుధకు పరిమళము వ్రాసిన చేయి సామాన్యమైనది కాదు. ఆయన కల దారుణమైన కలయనియు అనము. మొదట కాదనుటయే ఆయన హృదయము ఎటు లాగుచుండెనో తెలుపుచున్నది. విద్యయొక్క పిలుపును, భార్యాపుత్రుల పాశమును సమముగ అనుభవించినవానికి కలిగిన స్వప్నమది. కాని ఈ కథలో గురువునకు కల వచ్చినది, శిష్యునకు దర్శనము కలిగినది. సరస్వతికి ఏ కల వచ్చినదో చెప్పినవారు లేరు. ఆ రాత్రి ఆమెయు నిద్రించియే యుండును. ఆమె కలలో ఏ దేవత కనబడి, నీ భర్తను పోనీయవద్దు అనెనో! అట్లనియున్నను దానిని ఎవరు వ్రాయుదురు, ఎవరు పాటింతురు? చనిపోయి ప్రేతమైన పిదపగాని ఆమె కథలోనికి తిరిగి రాలేదు. స్వప్నమునకు అధికారమిచ్చిన సంఘము ఎవరి స్వప్నమునకు ఇచ్చినదో ఈ కథ వివరించినంత స్పష్టముగ మఱేదియు వివరింపదు.

స్త్రీ కలకు మన్నన దొరకిన కథ మనకు లేకపోలేదు. సుందరకాండములోని త్రిజట స్వప్నము భాస్కరాదులచే తెలుగునను వెలసినది. అశోకవనమున సీతను బెదరించుచున్న రాక్షసస్త్రీలకు వృద్ధురాలైన త్రిజట తన కలను చెప్పెను. రావణుడు నూనె పూసికొని గాడిదల రథముపై దక్షిణమునకు పోవుచుండెననియు, రాముడు శుభ్రవస్త్రములతో వెలుగుచుండెననియు ఆమె కన్నది. గాడిదలపై దక్షిణదిక్కునకు పోవుట దుస్స్వప్నమని చరకుడును వ్రాసెను. కాలపు నమ్మకమే కవిచేతిలో ఆయుధమైనది. త్రిజట ఆ కలతో చేసిన పని చూడుడు. తనకొక గుడి కట్టుమనలేదు, ఒక బలి యిమ్మనలేదు. నిస్సహాయయైన స్త్రీని హింసింపవలదని తోడివారిని వారించెను. బలవంతుని చేతిలో కల కొరడా కావచ్చును, దయగలవాని చేతిలో గొడుగు కావచ్చును.

ఈ సీమలో కొరడాయైన కలలను గూర్చి చెప్పక తీఱదు. బళ్లారి, ఆదోని ప్రాంతములలో పడుచులను దేవతకు అంకితము చేసి బసివిరాండ్రను చేయు ఆచారముండెడిది. మగసంతు లేనివారు, బిడ్డ జబ్బుపడి మ్రొక్కుకొన్నవారు కూతురిని ఇట్లు ఇచ్చుచుండిరి. ఎల్లమ్మ పేర సాగిన అంకితములలో బిడ్డ జుట్టు జడగట్టినను దేవత పిలుపే. ఇట్టి గుర్తులు వెదకు చోట కల యొక గుర్తు కాకుండుట యెట్లు? తల్లి భయముతో పండుకొనును. ఆ భయమే దేవతరూపమున కలలో నిలిచి బిడ్డను అడుగును. తెల్లవారగనే అది దైవాజ్ఞ యగును. కల కన్నది తల్లి, వెల చెల్లించినది బిడ్డ. ముత్తులక్ష్మీరెడ్డి ప్రభృతుల కృషిచే 1947లో మద్రాసు శాసనమును, పిదప 1988లో ఆంధ్రప్రదేశ శాసనమును ఈ అంకితమును నిషేధించినవి. శాసనము చేతులను కట్టును, కలను కట్టజాలదు. కలకు అర్థము చెప్పు నోటిని సంస్కరింపవలసినది విద్య.

అట్లయిన కలలను లక్ష్యపెట్టనే వలదా యని చదువరులు అడుగవచ్చును. మేమట్లు చెప్పము. గణితవేత్త రామానుజము తన సూత్రములలో కొన్ని నామగిరిదేవి కలలో చూపినవని చెప్పెడివాడు. ఆ సూత్రములు 1913లో కేంబ్రిడ్జిలోని హార్డీకి చేరినపుడు అతడు కలను తూలనాడలేదు, కలకు దండము పెట్టలేదు. ఉపపత్తి యేదని యడిగెను. కొన్ని నిలిచినవి, కొన్ని తప్పినవి. దేవి చూపినవైనను పగటివేళ కాగితముపై నిలువని సూత్రములు తప్పుసూత్రములే. గణితమునకు గల ఈ మర్యాద గృహమునకు ఏల కూడదు?

కావున గృహస్థులకు మా విన్నపము. బిడ్డ కలవరించి లేచిన, దిష్టి తీయుటకు ముందు నుదురు తాకి జ్వరమున్నదేమో చూడుడు. దోషజమను మాట అందులకే పుట్టినది. చనిపోయిన పెద్దలు కలలో వచ్చి యన్నము అడిగిరన్న, అది మన దుఃఖపు భాషయని తెలిసికొని, పెట్టదలచినది ఆకలిగొన్నవారికి పెట్టుడు, అప్పుచేసి పెట్టకుడు. కలలో మాట వినబడెనని యెవరైన నిశ్చయముగ పలికినపుడు, ఆ మాట నెరవేరుటకు కష్టపడువారు ఎవరని యడుగుడు. చెప్పినవారే కష్టపడుదురేని పోనిండు, తిక్కనవలె పదునేను పర్వములు వ్రాయనిండు. మాట్లాడుటకు వీలులేని మూలనున్నవారే కష్టపడుదురేని, ఆ కలకు మన యింట చోటీయవలదు. మఱియు తెల్లవారి పురుషులు కలలు చెప్పుకొనునపుడు, పొయ్యికడ నున్నవారిని గూడ ఒక మారు అడుగుడు: అమ్మా, రాత్రి నీకేమి కల వచ్చినది?